పాడి పశువుల శాలలలో ఈగల నివారణ

పాడి పశువుల శాలలలో ఈగల నివారణ అనగా ఆవులు, గేదెలు కట్టివేయు శాలలలో మరియు వాటి పరిసరాలలో పుట్టి పెరిగే ఈగలను అదుపులో ఉంచుటకు రైతులు పాటించవలసిన పద్ధతుల సముదాయము. ఇళ్ళలోను, శాలలలోను సర్వసాధారణముగా కనిపించు ఈగ శాస్త్రీయ నామము మస్కా డొమెస్టికా. స్వీడన్ దేశపు ప్రకృతి శాస్త్రజ్ఞుడు కార్ల్ లిన్నేయస్ 1758లో దీనికి ఈ పేరు పెట్టాడు. ఈ వ్యాసములో విశాఖపట్నం నగరము మరియు దాని చుట్టుప్రక్కల గల పాడి రైతులను ప్రధానముగా దృష్టిలో ఉంచుకొని ఈగల జీవిత చక్రము, వాటి వలన కలుగు నష్టములు, రైతులలో గల అవగాహన, నివారణ పద్ధతులు వివరించబడినవి.

విశాఖపట్నం నేపథ్యము

విశాఖపట్నం బంగాళాఖాతపు తీరమున గల ఓడరేవు నగరము. 1933లో ఓడరేవు ప్రారంభమైనది. 1941లో నౌకా నిర్మాణ కేంద్రమునకు శంకుస్థాపన జరిగినది. 1957లో చమురు శుద్ధి కర్మాగారము వచ్చినది. ఉక్కు కర్మాగారమునకు 1971లో ఇందిరా గాంధీ శంకుస్థాపన చేయగా, 1992లో పి.వి.నరసింహారావు దానిని జాతికి అంకితము చేశాడు. ఈ పరిశ్రమల వలన నగర జనాభాతో పాటు పాలకు గిరాకీ కూడా పెరిగినది. అక్కిరెడ్డిపాలెంలో గల విశాఖ డెయిరీ ఉత్తరాంధ్ర జిల్లాల పల్లెల నుండి పాలను సేకరించి నగరమునకు అందించుచున్నది.

2005లో గాజువాక పురపాలక సంఘమును, చుట్టుప్రక్కల గ్రామాలను కలిపి మహా విశాఖ నగర పాలక సంస్థను ఏర్పాటు చేశారు. దీనితో అంతకు పూర్వము పల్లెలుగా ఉన్న అనేక ప్రాంతాలు నగరములో భాగములైనవి. ఊరు నగరమైనా ఇంటి వెనుక శాల, శాల ప్రక్కన పెంటకుప్ప చాలా చోట్ల అలాగే ఉన్నవి. మారినది చుట్టూ ఉన్న స్థలము. పూర్వము పెంటకుప్పకు, పొరుగింటికి మధ్య పొలము ఉండేది. ఇప్పుడు గోడ మాత్రమే ఉన్నది. ఈ కారణముగా ఈగల సమస్య ఒక రైతు సొంత సమస్యగా కాక వీధి సమస్యగా మారినది.

వాతావరణము కూడా ఈగలకు అనుకూలముగా ఉంటుంది. సముద్ర తీరము కావున గాలిలో తేమ సంవత్సరము పొడవునా అధికము. శీతాకాలములో కూడా చలి స్వల్పమే. జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి ఋతుపవనాల వలన, అక్టోబరులో తుఫానుల వలన వర్షములు కురుస్తాయి. సగటున చూచినచో నగరములో అక్టోబరు మాసమే అత్యధిక వర్షపాతము గలది. అందువలన లంబసింగి వంటి మన్యపు చలి ప్రాంతాలలో శీతాకాలమున ఈగల పెరుగుదల బాగా మందగించినా, విశాఖ తీరములో అది ఏ నెలలోనూ పూర్తిగా ఆగదు.

ఈగలకు ఇష్టమైన పదార్థాలు కూడా ఈ ప్రాంతములో ఎక్కువ. అనకాపల్లి దేశములోని పెద్ద బెల్లపు మార్కెట్లలో ఒకటి. తీరము వెంబడి మత్స్యకార గ్రామాలలో చేపలు ఎండబెడతారు. బెల్లము చుట్టూ ఈగలు మూగినట్లు అన్న నానుడి ఇక్కడి వారికి కళ్ళ ముందర జరిగే విషయమే. అయితే బెల్లము, చేపలు ఈగలను ఆకర్షించేవి. శాల దగ్గర అవి ముఖ్యముగా పుట్టే చోటు వేరు. పచ్చి పేడ, మూత్రముతో తడిసిన గడ్డి, పులిసిన దాణా ఈగలకు పుట్టిల్లు. ఆకర్షించే చోటుకు, పుట్టే చోటుకు గల ఈ భేదము నివారణకు మూలము.

ఈగ జీవిత చక్రము

ఈగ జీవితములో గుడ్డు, పురుగు, ప్యూపా, ఈగ అను నాలుగు దశలు గలవు.

గుడ్డు: ఆడ ఈగ ఒక విడతకు 75 నుండి 150 వరకు గుడ్లు పెడుతుంది. జీవితకాలములో ఇట్టివి నాలుగైదు విడతలు ఉంటాయి. గుడ్డు తెల్లగా, సుమారు ఒక మిల్లీమీటరు పొడవు ఉంటుంది. వెచ్చని వాతావరణములో 8 నుండి 24 గంటలలో గుడ్డు పగిలి పురుగు వెలువడుతుంది.

పురుగు: ఇది తెల్లగా, కాళ్ళు లేకుండా, తల వైపు సన్నగా ఉంటుంది. పేడలోని సూక్ష్మజీవులను, కుళ్ళిన పదార్థమును తిని, రెండు సార్లు కుబుసము విడిచి, వేసవి వేడిలో 4 నుండి 7 రోజులలో పూర్తిగా ఎదుగుతుంది. దీనికి తేమ అత్యవసరము. పేడ త్వరగా ఎండిపోయినచో పురుగు చనిపోతుంది.

ప్యూపా: ఎదిగిన పురుగు తడి ప్రదేశమును విడిచి, కుప్ప అంచులకు లేదా ప్రక్కనున్న పొడి మట్టిలోనికి ప్రాకిపోతుంది. అచట దాని చర్మమే గట్టిపడి ఎర్రని గోధుమ రంగు గల గింజ వలె మారుతుంది. వెచ్చని వాతావరణములో 3 నుండి 6 రోజులలో దీని నుండి ఈగ బయటకు వస్తుంది.

ఈగ: దీని పొడవు 6 నుండి 7 మిల్లీమీటర్లు. వీపుపై నాలుగు నల్లని నిలువు చారలు ఉంటాయి. సాధారణముగా రెండు నుండి నాలుగు వారములు జీవిస్తుంది.

అనుకూలమైన వేడిలో గుడ్డు నుండి ఈగ వరకు మొత్తము 7 నుండి 10 రోజులు పడుతుంది. చలి ప్రాంతాలలో ఇదే చక్రము నెల రోజులకు మించవచ్చును. నివారణ అంతయు ఈ వారము రోజుల లెక్క మీద ఆధారపడి ఉన్నది. వారము లోపల పేడను తొలగించినా, ఎండబెట్టినా, వేడెక్కునట్లు చేసినా ఈగ పుట్టదు.

పెద్ద గేదె ఒకటి రోజుకు 15 నుండి 20 కిలోల వరకు పేడ వేస్తుంది. పది గేదెలు గల శాలలో రోజుకు 150 నుండి 200 కిలోలు, వారమునకు టన్నుకు పైగా పేడ చేరుతుంది. అందులో కొద్ది భాగము తడిగా, కదలకుండా మిగిలినను వేల సంఖ్యలో ఈగలు పుట్టుటకు చాలును.

శాలలలో కనిపించు ఈగల రకములు

శాలలో కనిపించు ఈగలన్నియు ఒకటే అనుకొనుట పొరపాటు. ఒక్కొక్క రకము పుట్టే చోటు, చేసే నష్టము వేరు వేరు.

ఇంటి ఈగ: ఇది కుట్టదు. దీని నోరు స్పంజి వలె ద్రవమును పీల్చుటకు మాత్రమే పనికి వస్తుంది. గట్టి పదార్థమును తినుటకు ముందు దానిపై తన కడుపులోని ద్రవమును కక్కి, కరిగించి పీల్చుకొంటుంది. పశువు కళ్ళు, ముక్కు, గాయముల చుట్టూ మూగుతుంది.

కుట్టే ఈగ: దీని శాస్త్రీయ నామము స్టోమాక్సిస్ కాల్సిట్రాన్స్. చూచుటకు ఇంటి ఈగ వలెనే ఉన్నప్పటికీ, దీని నోటి వద్ద ముందుకు పొడుచుకొని వచ్చిన సూది వంటి తొండము ఉంటుంది. ఆడ, మగ రెండునూ రక్తము త్రాగుతాయి. ఎక్కువగా కాళ్ళపై వ్రాలుతుంది. పశువులు కాళ్ళు నేలకేసి కొట్టుచున్నచో, తోకలు ఆపకుండా విసురుచున్నచో ఈ ఈగను అనుమానించవలెను. ఇది పేడ, మూత్రముతో కలిసి కుళ్ళిన గడ్డిలో ఎక్కువగా గుడ్లు పెడుతుంది.

గేదె ఈగ: ఇది ఇంటి ఈగ కంటే చిన్నది. పశువు వీపుపైన, ప్రక్కల పైన గుంపుగా ఉండి రక్తము పీల్చుతుంది. పశువు వేసిన తాజా పేడ కడిపై మాత్రమే గుడ్లు పెడుతుంది. కావున మేత బీడులో పేడకడులను చెదరగొట్టుట దీనికి మంచి నివారణ.

జోరీగ: పెద్ద పరిమాణము గలది. దీని కాటు మిక్కిలి బాధ కలిగిస్తుంది. చెరువులు, తడి నేలల ప్రక్కన పెరుగుతుంది. పశువులలో సర్రా వ్యాధిని వ్యాపింపజేయుటలో దీనికి ముఖ్య పాత్ర కలదు.

వీటితో పాటు పుండ్లపై గుడ్లు పెట్టు నీలి, ఆకుపచ్చ రంగుల ఈగలు కూడా కలవు. పశువు గాయములో పురుగులు పడుటకు ఇవే కారణము.

ఈగల వలన కలుగు నష్టములు

పశువులకు: ఈగలు మూగినప్పుడు పశువు మేత మేయుట, నెమరు వేయుట, విశ్రాంతి తీసుకొనుట తగ్గుతుంది. కుట్టే ఈగలు ఎక్కువైనచో పశువులు గుంపుగా ఒకచోట చేరి, ఒకదాని చాటున ఒకటి దాగుటకు ప్రయత్నిస్తాయి. దీని వలన పాల దిగుబడి తగ్గుతుంది. పొదుగు వాపు వ్యాధిని కలిగించు సూక్ష్మజీవులను ఈగలు ఒక పశువు చనుకట్ల నుండి మరొక పశువు చనుకట్లకు చేర్చగలవు. కొన్ని జాతుల ఈగలు పశువు కంటిలో పెరుగు సన్నని పురుగులను కూడా మోసుకొని పోతాయి.

ఇటీవలి కాలములో రైతులను భయపెట్టిన ముద్ద చర్మ వ్యాధి వ్యాప్తిలో కూడా రక్తము పీల్చు ఈగలకు, దోమలకు, పిడుదులకు పాత్ర ఉన్నది. భారతదేశములో ఈ వ్యాధి మొదట 2019లో విశాఖకు పొరుగున ఉన్న ఒడిశా రాష్ట్రములో బయటపడినది. 2022లో రాజస్థాన్, గుజరాత్ మొదలగు రాష్ట్రాలలో అనేక పశువులు ఈ వ్యాధితో మరణించినవి. ఇందుకు టీకాలు వేయించుట ముఖ్యము. అయితే టీకా వేయించిన శాలలో కూడా ఈగల నివారణ మానరాదు.

మనుషులకు: ఈగ పేడపై వ్రాలి, ఆ కాళ్ళతోనే పాల గిన్నెపై, అన్నముపై, పసిబిడ్డ పెదవులపై వ్రాలుతుంది. నూటికి పైగా రోగకారక జీవులను ఈగల శరీరముపై లేదా లోపల గుర్తించారు. అతిసారము, జిగట విరేచనములు, కలరా, టైఫాయిడ్, ట్రకోమా అను కంటి వ్యాధి వీటిలో ముఖ్యమైనవి. శాల ప్రక్కనే వంటగది గల ఇళ్ళలో మొదట ప్రమాదము చిన్న పిల్లలకే.

పాలకు: ఈగ పడిన పాలలో సూక్ష్మజీవుల సంఖ్య పెరిగి పాలు త్వరగా విరిగిపోతాయి. కేంద్రములో పాలు తిరస్కరించబడినచో ఆ పూట ఆదాయము పోతుంది. రెండు గేదెలతో బ్రతుకు సాగించు కుటుంబమునకు ఇది చిన్న నష్టము కాదు.

రైతులలో అవగాహన

ఈగలు ఉన్నవని తెలియని రైతు లేడు. కాని ఈగ ఎక్కడ పుడుతుంది, ఎన్ని రోజులలో పుడుతుంది అన్న విషయములో అపోహలు ఉన్నవి. వాటిలో సాధారణమైనవి ఇవి:

ఈగలు వానతో వస్తాయి. వాన ఈగలను తీసుకొని రాదు. వాన వలన పేడ ఎండక, గడ్డి తడిసి, అప్పటికే పెట్టిన గుడ్లు ఎక్కువగా బ్రతుకుతాయి. వానకు వారము పది రోజుల తరువాత ఈగలు పెరుగుటకు కారణము ఇదే.

పేడలోని తెల్ల పురుగులు వేరు, ఈగలు వేరు. ఇది అన్నిటి కంటే ముఖ్యమైన అపోహ. పురుగు ఈగగా మారుట చాలామంది కంటబడదు, ఎందుకనగా అది పొడి మట్టిలో దాగి మారుతుంది. కుళ్ళిన మాంసములో పురుగులు వాటంతట అవే పుడతాయని యూరప్ ఖండములో కూడా శతాబ్దముల పాటు నమ్మారు. 1668లో ఇటలీ దేశపు వైద్యుడు ఫ్రాన్సిస్కో రెడి కొన్ని పాత్రలలో మాంసము ఉంచి, కొన్నిటిని సన్నని వస్త్రముతో కప్పి, కొన్నిటిని తెరచి ఉంచాడు. తెరచిన పాత్రల మాంసములో మాత్రమే పురుగులు పడినవి. రైతులకు ఈ విషయము చూపుటకు ప్రయోగశాల అక్కరలేదు. పురుగులు గల పేడను కొంచెము పొడి మట్టితో కలిపి గాజు సీసాలో వేసి, మూతికి పలుచని గుడ్డ కట్టి ఉంచినచో వారము పది రోజులలో సీసాలో ఈగలు కనిపిస్తాయి.

మందు కొడితే చాలును. మందు ఎగిరే ఈగను చంపుతుంది. పేడలో ఉన్న గుడ్లు, పురుగులు, మట్టిలో ఉన్న ప్యూపాలు మిగిలిపోతాయి. రెండు మూడు రోజులకు మరల ఈగలు కనిపించుట చూచి రైతు మందు మోతాదు పెంచుతాడు. ఈ విధముగా ఖర్చు, ప్రమాదము రెండునూ పెరుగుతాయి.

పెంటకుప్పను దూరముగా వేసితే చాలును. ఈగలు సాధారణముగా పుట్టిన చోటు నుండి ఒకటి రెండు కిలోమీటర్ల లోపల సంచరిస్తాయి. శాల నుండి యాభై అడుగుల దూరము వాటికి లెక్క కాదు. పొరుగువాని కుప్ప నుండి కూడా ఈగలు వస్తాయి కావున వీధిలోని రైతులందరూ కలిసి చేసినప్పుడే ఫలితము ఉంటుంది.

ఇంకొక విషయము గమనించవలసి ఉన్నది. పేడ ఎత్తుట, శాల ఊడ్చుట, కుడితి పెట్టుట ఎక్కువగా స్త్రీల చేతుల మీదుగా జరుగు పనులు. కాని పాల కేంద్రములో పేరు, సమావేశమునకు పిలుపు తరచుగా పురుషులకు ఉంటుంది. ఈగల గురించి చెప్పే మాట పేడ ఎత్తే వారికి చేరనిచో ఆ సమావేశము వలన ప్రయోజనము తక్కువ.

నివారణ పద్ధతులు

శుభ్రత

శుభ్రత అన్నిటి కంటే ముఖ్యమైనది, ఖర్చు తక్కువైనది.

పేడను రోజుకు రెండు పూటలా ఎత్తవలెను. నేల గచ్చు చేసి, మూత్రము నిలువకుండా కాలువ వైపునకు కొంచెము వాలు ఉంచవలెను. గచ్చు లేని చోట గుంటలను మట్టితో పూడ్చి, ఇసుక చల్లవలెను. గోడ మూలలు, గుంజల మొదళ్ళు, తొట్టి క్రింది భాగము, దూడలను కట్టు స్థలము సాధారణముగా మరచిపోవు చోట్లు. ఎక్కువ ఈగలు పుట్టునవి ఈ చోట్లలోనే.

తినగా మిగిలిన గడ్డిని పశువు కాళ్ళ క్రింద వదలరాదు. కుడితి తొట్టిని రోజూ కడగవలెను. తొట్టి అంచులకు అంటిన తవుడు, తెలగపిండి పులిసినచో అందులో కూడా ఈగలు పుడతాయి. గడ్డివామి అడుగున రాళ్ళు లేదా కర్రలతో ఎత్తైన అరుగు కట్టినచో అడుగు పొర కుళ్ళదు.

పేడ నిర్వహణ

పిడకలు: ఎండ కాలములో పలుచగా తట్టిన పిడకలు త్వరగా ఎండుతాయి కావున వాటిలో ఈగలు పెరగలేవు. వాన కాలములో పిడకలు ఎండవు. ఆ కాలములో పిడకలు తట్టుట మాని పేడను ఎరువుగా మార్చుట మంచిది. వాకిట చల్లు కళ్ళాపి కూడా పలుచగా ఉండి వెంటనే ఆరిపోవుట వలన ఈగలకు తావు ఇవ్వదు.

కంపోస్టు: పేడను చెల్లాచెదరుగా వేయక, ఎత్తుగా, గట్టిగా అదిమి కుప్ప వేసినచో లోపల ఉష్ణోగ్రత 50 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఆ వేడికి గుడ్లు, పురుగులు చనిపోతాయి. పై పొర మాత్రము చల్లగా ఉంటుంది కావున దానిని పొడి మట్టితో లేదా పాలిథిన్ పట్టాతో కప్పి, వారమునకు ఒకసారి పై పొరను లోపలికి తిరగవేయవలెను.

నీటి కందకము: ఎదిగిన పురుగు పొడి చోటును వెదకుచు కుప్ప విడిచి ప్రాకిపోవునని పైన చెప్పబడినది. ఈ అలవాటును ఆధారము చేసుకొని ఇరవైయవ శతాబ్దపు తొలి దశకాలలో అమెరికాలో పురుగుల బోను అను పద్ధతిని రూపొందించారు. పెంటకుప్పను గచ్చు అరుగుపై వేసి, దాని చుట్టూ సన్నని కాలువ కట్టి నీరు నింపుతారు. ప్రాకివచ్చిన పురుగులు నీటిలో పడి చనిపోతాయి. అయితే నీటిని వారమునకు ఒకసారి మార్చనిచో అందులో దోమలు పెరుగుతాయి.

గోబర్ గ్యాస్: పచ్చి పేడను ఏ రోజుకారోజు గోబర్ గ్యాస్ తొట్టిలో వేసినచో ఈగలకు గుడ్లు పెట్టు అవకాశము ఉండదు. వంటకు గ్యాసు లభిస్తుంది. బయటకు వచ్చిన మడ్డి పచ్చి పేడ వలె ఈగలను ఆకర్షించదు. 2018లో కేంద్ర ప్రభుత్వము గోబర్‌ధన్ పేరుతో పేడ నుండి గ్యాసు, ఎరువు తయారీని ప్రోత్సహించు పథకమును ప్రారంభించినది.

నగర ప్రాంతాలలో పేడను మురుగు కాలువలోనికి కడిగివేయుట చట్టరీత్యా తగదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో డెయిరీలకు, గోశాలలకు విడుదల చేసిన మార్గదర్శక సూత్రములు కూడా పేడను కంపోస్టు, వర్మీకంపోస్టు, బయోగ్యాస్ వంటి పద్ధతులలో వినియోగించవలెనని సూచించినవి.

భౌతిక పద్ధతులు

పాలు పితుకు స్థలములో విద్యుత్తు పంకా ఉంచినచో గాలి వేగమునకు ఈగలు నిలువలేవు. దూడల గదికి, పాలు నిలువ చేయు గదికి ఈగల జాలీ బిగించవలెను. రాత్రివేళ ఈగలు దూలములపైన, వ్రేలాడు త్రాళ్ళపైన, తీగలపైన నిద్రిస్తాయి. జిగురు పట్టీలను ఆ చోట్ల వ్రేలాడదీసినచో ఎక్కువ ఈగలు చిక్కుతాయి. ఖాళీ ప్లాస్టిక్ సీసాకు పై భాగమున రంధ్రములు చేసి, బెల్లపు నీరు పోసి పులియనిచ్చినచో చవకైన బోను తయారవుతుంది. దీనిని శాల లోపల కాక వెలుపల కట్టవలెను. లోపల కట్టినచో బయటి ఈగలను కూడా పిలిచినట్లగును.

సాయంత్రము వేళ వేపాకు, వావిలాకు పొగ వేయుట తెలుగు పల్లెలలో తరతరాల అలవాటు. పొగ ఉన్నంతసేపు ఈగలు, దోమలు దూరముగా ఉంటాయి. కాని పొగ వలన అవి చావవు, పుట్టుట ఆగదు. మూసిన శాలలో దట్టమైన పొగ వేసినచో దూడలకు ఊపిరి ఆడదు కావున గాలి ఆడు శాలలో, మితముగా వేయవలెను. గేదెలు బురదలో పొర్లుట కూడా ఈగల కాటు నుండి వాటికి సహజమైన రక్షణ.

జీవ పద్ధతులు

ఈగలకు సహజ శత్రువులు కలవు. మిక్కిలి చిన్నవైన కొన్ని కందిరీగ జాతులు ఈగ ప్యూపాలో గుడ్లు పెట్టి దానిని నాశనము చేస్తాయి. పెంటకుప్పలోని కొన్ని పేడ పురుగులు, నల్లులు ఈగ గుడ్లను తింటాయి. కోళ్ళు పెంటకుప్పను గీరి పురుగులను ఏరుకొని తినుట అందరూ ఎరిగినదే. పెంటకుప్పపై తరచుగా పురుగుమందు చల్లినచో ఈగల కంటే ముందు ఈ మిత్రజీవులు నశిస్తాయి. పిమ్మట ఈగలు మరింత పెరుగుతాయి.

రసాయన పద్ధతులు

రసాయనములను పై పద్ధతులకు తోడుగా మాత్రమే వాడవలెను.

1939లో పాల్ ముల్లర్ డి.డి.టి.కి కీటకములను చంపు గుణము కలదని కనుగొన్నాడు. ఇందుకు ఆయనకు 1948లో నోబెల్ బహుమతి లభించినది. కాని ఆ బహుమతి రాకముందే, 1940 దశకము మధ్యలో స్వీడన్, ఇటలీ దేశములలో డి.డి.టి.కి లొంగని ఈగలు కనిపించినవి. తరువాత వచ్చిన అనేక మందులకు కూడా ఇదే గతి పట్టినది. రెండు వారములకు ఒక తరము మారు జీవి మందులకు త్వరగా అలవాటు పడుట సహజము. కావున ఒకే వర్గపు మందును అదే పనిగా వాడరాదు.

చాలాకాలము పాటు రైతులు నువాన్ అను పేరుతో ఎరిగిన డైక్లోర్వాస్ మందును శాలలలో వాడేవారు. 2018 నాటి ఉత్తర్వు ప్రకారము భారతదేశములో 2020 డిసెంబరు 31 నుండి దీని వాడకము నిషేధించబడినది. పాత నిలువలు ఇంట ఉన్నను వాడరాదు.

ప్రస్తుతము శాల గోడలపై చల్లుటకు డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ వంటి మందులను, పురుగు దశను అరికట్టుటకు సైరోమజైన్ వంటి మందులను పశువైద్యుల సలహాపై వాడుతారు. ఈ క్రింది జాగ్రత్తలు తప్పనిసరి:
- పంటలకు కొట్టు మందును పశువు శరీరముపై పూయరాదు. ఇందువలన పశువులు విషప్రభావమునకు లోనై మరణించు ప్రమాదము కలదు.
- మేత, నీళ్ళు, కుడితి తొట్టి, పాల పాత్రలపై మందు పడరాదు. పాలు పితుకు వేళ చల్లరాదు.
- పశువు శరీరముపై మందు వాడిన తరువాత ఎన్ని పూటల పాలు విడిచిపెట్టవలెనో డబ్బాపై చూచి లేదా వైద్యుని అడిగి పాటించవలెను.
- డెల్టామెత్రిన్ వర్గపు మందులు చేపలకు మిక్కిలి విషము. కడిగిన నీటిని చెరువులోనికి వదలరాదు.
- విషము కలిపిన బెల్లపు ఎరను పిల్లలకు, కోళ్ళకు, కుక్కలకు అందని చోట ఉంచవలెను.

ఈగల సంఖ్యను అంచనా వేయుట

మందు అవసరమా కాదా అని తెలుసుకొనుటకు సులభమైన పద్ధతులు కలవు. తెల్లని అట్టముక్కలను ఈగలు వ్రాలు దూలములకు బిగించి వారము తరువాత వాటిపై గల చుక్కలను లెక్కించవలెను. ఈగ వ్రాలినప్పుడు కక్కిన ద్రవము, విసర్జనము వలన ఈ చుక్కలు ఏర్పడతాయి. ఒక అట్టపై వారమునకు 100 చుక్కలు దాటినచో ఈగలు అదుపు తప్పినట్లు భావిస్తారు. కుట్టే ఈగల విషయములో పశువు కాళ్ళపై గల ఈగలను లెక్కిస్తారు. సగటున ఒక కాలికి ఐదు ఈగలు ఉన్నచో నష్టము మొదలైనట్లు లెక్క. ప్రతి వారము ఒకే రోజున లెక్కించి గోడపై వ్రాసి ఉంచుకొన్నచో చేసిన పనికి ఫలితము ఉన్నదో లేదో రైతుకే తెలుస్తుంది.

కాలముల వారీగా జాగ్రత్తలు

మార్చి - మే: పేడ త్వరగా ఎండు కాలము. పెంటకుప్పను పొలమునకు తోలి ఖాళీ చేయుటకు, నేల గచ్చు మరమ్మతులకు, కాలువ పనులకు అనువైనది.

జూన్ - సెప్టెంబరు: పెంటకుప్పను కప్పి ఉంచవలెను. పిడకలకు బదులు కంపోస్టు లేదా గోబర్ గ్యాస్ వాడవలెను. కుట్టే ఈగలు పెరుగు కాలము కావున తడిసిన గడ్డిని వెంటనే తొలగించవలెను.

అక్టోబరు - నవంబరు: తుఫానుల కాలము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరము దాటినప్పుడు నగరములో విద్యుత్తు, నీటి సరఫరా రోజుల తరబడి స్తంభించినవి. ఇట్టి సమయములలో నీరు లేక శాల కడుగుట ఆగిపోతుంది. గడ్డివాములు తడిసి కుళ్ళుతాయి. తుఫాను తరువాత మొదటి వారములో తడి గడ్డిని వేరుచేసి ఎండబెట్టుట, చనిపోయిన పశువులను సున్నము చల్లి లోతుగా పూడ్చుట అత్యవసరము.

డిసెంబరు - ఫిబ్రవరి: ఈగల పెరుగుదల కొంత నెమ్మదించును. మిగిలిన వాటిని ఈ కాలములో అదుపు చేసినచో వేసవి ఆరంభములో వాటి సంఖ్య తక్కువగా ఉంటుంది.

గాయములు, అప్పుడే పుట్టిన దూడలు

అప్పుడే పుట్టిన దూడ బొడ్డుకు టింక్చర్ అయోడిన్ పూయవలెను. గాయమును కడిగి, ఈగలు వ్రాలకుండా మందు రాసి కప్పవలెను. పురుగులు పడిన పుండుకు సొంత వైద్యము చేయక పశువైద్యునికి చూపుట మేలు. పాలు పితికిన వెంటనే పశువు పడుకొనకుండా మేత వేయవలెను. పితికిన తరువాత కొంతసేపు చనుకట్ల రంధ్రములు తెరచుకొనియే ఉంటాయి. ఆ సమయములో మురికి నేల, ఈగలు రెండునూ ప్రమాదమే.

సలహా లభించు సంస్థలు

రాష్ట్ర పశుసంవర్ధక శాఖ వైద్యశాలలు, 2020లో రైతు భరోసా కేంద్రములుగా ప్రారంభమై 2024లో రైతు సేవా కేంద్రములుగా పేరు మారిన గ్రామ స్థాయి కేంద్రములు, కృషి విజ్ఞాన కేంద్రములు రైతులకు సలహాలు ఇస్తాయి. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమునకు చెందిన పశువైద్య కళాశాల ఒకటి విజయనగరం జిల్లా గరివిడిలో కలదు. 2022లో రాష్ట్రములో సంచార పశు ఆరోగ్య సేవా వాహనములు ప్రారంభమైనవి. 1962 నంబరుకు ఫోను చేసి ఈ సేవను కోరవచ్చును.

ఇవి కూడా చూడండి

- ఈగ
- గేదె
- పాడి పరిశ్రమ
- గోబర్ గ్యాస్
- పొదుగు వాపు వ్యాధి
- విశాఖపట్నం